మాట తీరు విని స్కిజోఫ్రీనియా పట్టే ప్రోగ్రామ్: ఎంతవరకు నమ్మొచ్చు?

కొత్తపీజీ (#1)

అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ సైన్స్ పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే 2015లో వచ్చిన ఒక పేపరు కంటపడింది. సైకోసిస్ (భ్రమలు కమ్మి వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి, స్కిజోఫ్రీనియాలో కనబడేది ఇదే) వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్లు అనుకున్న 34 మంది యువతీయువకులతో న్యూయార్క్‌లో మాట్లాడించి, ఆ మాటల్ని టైపు చేసి కంప్యూటర్‌కి ఇచ్చారు. రెండున్నరేళ్ళలోపు వాళ్ళలో 5 మందికి జబ్బు బయటపడింది. ఆ అయిదుగురూ ఎవరో మొదటి ఇంటర్వ్యూలో మాటల్ని బట్టే ప్రోగ్రామ్ నూటికి నూరు శాతం సరిగ్గా చెప్పిందట. చదివాక నాకు ఒక పట్టాన నిద్ర రాలేదు.

నా ఐడియా ఇది. ఒక ఫోన్ యాప్. మనిషి అయిదు నిమిషాలు తెలుగులో మాట్లాడితే స్కిజోఫ్రీనియా ఉందో లేదో చెప్పేస్తుంది. తెలుగులో ఇలాంటిది నాకైతే కనబడలేదు. మీరేమంటారు? తిట్టినా పర్వాలేదు, ఇంకా గైడ్‌కి చెప్పలేదు.

వెక్టర్ (#2)

తిట్టను గానీ ఒక చిన్న లెక్క చెప్తాను. 34 మందిలో 5 మందికే వచ్చింది కదా. "ఎవరికీ రాదు" అని కళ్ళు మూసుకుని చెప్పే ప్రోగ్రామ్ రాసినా 29 ఒప్పులు వస్తాయి, అంటే 85 శాతం. ఆ నూరు అన్న అంకె బయల్దేరింది సున్నా నుంచి కాదు, 85 నుంచి.

పైగా అక్కడ ఒకరిని పక్కనపెట్టి, మిగతా 33 మందితో నేర్పించి, ఆ ఒక్కరి గురించి అడుగుతారు. అలా 34 సార్లు. తప్పు పద్ధతేం కాదు, ఇంత చిన్న గుంపుతో ఇంతకన్నా ఏం చెయ్యగలరు. కానీ బయటి మనుషుల మీద పరీక్షించడం వేరే సంగతి. ఆ బృందంలోని వాళ్ళే 2018లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సేకరించిన, అలాంటి ప్రమాదమే ఉన్న 59 మంది మాటలతో కొత్తగా మోడల్ కట్టారు. అక్కడ 83 శాతం వచ్చింది. దాన్నే తెచ్చి న్యూయార్క్ వాళ్ళ మీద పెడితే 79. నాకు ఆ నూరు కన్నా ఈ 79 మీదే గౌరవం ఎక్కువ.

కొత్తపీజీ (#3)

అయ్యో, ఆ 85 సంగతి నాకు తట్టనేలేదు. థాంక్స్ అన్నా. ఆ పేపర్లో ముఖ్యంగా కొలిచింది మాటల్లో "పొంతన", అంటే ఒక వాక్యం ముందుదానితో ఎంత అతుకుతుందన్నది. అసలు దాన్ని కంప్యూటర్ ఎలా కొలుస్తుందో మామూలుగా చెప్తారా? పేపర్లో గణితం సగమే అర్థమైంది.

వెక్టర్ (#4)

ప్రతి మాటకీ కొన్ని వందల అంకెల వరస ఉంటుందనుకో. లక్షల పేజీలు చదివించి, ఏ మాట ఏ మాటల సరసన వస్తుందో చూసి ఆ అంకెలు తయారుచేస్తారు. "వాన", "గొడుగు" అంకెలు దగ్గరగా ఉంటాయి, "వాన", "వడ్డీ" దూరంగా ఉంటాయి. ఒక వాక్యంలోని మాటలన్నిటినీ కలిపి సగటు తీస్తే ఆ వాక్యానికి ఒక బాణం వస్తుంది. తర్వాతి వాక్యానికి ఇంకో బాణం. రెండు బాణాల మధ్య కోణం చిన్నదైతే మాట పొంతనగా సాగుతోంది, పెద్దదైతే ఎటో దూకింది. స్థూలంగా ఇంతే.

స్కిజోఫ్రీనియా మీద దీన్ని మొదట గట్టిగా వాడింది ఎల్వెవోగ్, ఫోల్ట్జ్ బృందం, 2007లో. అప్పటికి ఉన్న పద్ధతి ఎల్‌ఎస్‌ఏ, ప్రతి మాటకీ ఒకే అంకెల వరస ఇచ్చేది. ఇప్పుడు బెర్ట్ లాంటి భాషా మోడళ్ళు వచ్చాయి, అవి మాట అర్థాన్ని చుట్టూ ఉన్న మాటల్ని బట్టి మారుస్తాయి. 2015 పేపర్లో నాకు నచ్చింది వేరే. వాళ్ళకి పనికొచ్చింది సగటు పొంతన కాదు, అన్నిటికన్నా తక్కువ పొంతన ఉన్న చోటు. అరగంట సవ్యంగా మాట్లాడిన మనిషి ఒక్క చోట పట్టాలు తప్పితే సగటులో అది మునిగిపోతుంది.

నిదానం (#5)

నేను సైకియాట్రిస్టుని. కొంచెం పెద్ద పోస్టు పెడుతున్నాను, ఓపిక పట్టండి.

మాటలో తేడా చూసి జబ్బు పసిగట్టడం కంప్యూటర్లు మొదలుపెట్టింది కాదు. స్కిజోఫ్రీనియా అన్న పేరు పెట్టిన స్విస్ సైకియాట్రిస్టు బ్లాయిలర్ 1911 నాటి తన గ్రంథంలోనే ఆలోచనల మధ్య లంకెలు సడలిపోవడాన్ని ఈ జబ్బుకి మూలలక్షణంగా చెప్పాడు. 1979లో అమెరికన్ సైకియాట్రిస్టు నాన్సీ ఆండ్రియాసెన్ మాటలో వచ్చే ఈ తేడాల్ని 18 రకాలుగా విడగొట్టి, ఒక్కోదానికీ మార్కులు వేసే పద్ధతి పెట్టారు. అడిగినదానికి పక్కగా పోయే జవాబు ఒకటి. మాట్లాడుతూ మాట్లాడుతూ పట్టాలు తప్పడం ఒకటి. ప్రాస లాక్కుపోయినట్టు మాట్లాడటం ఒకటి. మాటలు బోలెడు వచ్చి లోపల సరుకు లేకపోవడం ఇంకొకటి. అసలు మాటే తగ్గిపోవడం మరొకటి. పట్టాలు తప్పడం ఎలా ఉంటుందో తెలియడానికి ఒక ముక్క రాస్తాను. ఏ పేషెంటుదీ కాదు, నేనే కల్పించాను.

"నిద్ర బాగానే పట్టింది. పట్టు అందరికీ రాదు, పురుగు గూడు కట్టుకోవాలి. కట్టుకున్నవాళ్ళకి లెక్క చెప్పాలి కదా. లెక్కలో నేను వీకే."

ఏ రెండు వాక్యాలు తీసుకున్నా మధ్యలో ఒక లంకె ఉంది. మొత్తంగా చూస్తే నిద్ర గురించి అడిగిన ప్రశ్న ఎక్కడో తప్పిపోయింది. చెవితో వింటే నాకు రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కానీ ఎంత తప్పింది, పోయిన నెల కన్నా ఎక్కువా తక్కువా అని అడిగితే నా దగ్గర ఉన్నది "కొంచెం బెటర్" అన్న రాత మాత్రమే. కొలత కావలసింది అక్కడే.

ఇక జాగ్రత్తలు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళందరికీ మాట ఇలా చెదరదు. చెదిరిన ప్రతివాళ్ళకీ స్కిజోఫ్రీనియా ఉండదు. మేనియాలో (హుషారు హద్దులు దాటే మానసిక స్థితిలో) ఉన్నవాళ్ళు ఒక ఆలోచన నుంచి ఇంకోదానికి ఎలా గంతులేస్తారో చూడాలి. మూడు రాత్రులు నిద్ర లేనివాళ్ళ మాటా తిన్నగా ఉండదు. ఆ యాప్ మీద ఆశ ఇప్పుడే వదులుకోమని సలహా.

తమ్ముడికిఅక్క (#6)

డాక్టరు గారూ, మీరు "కొంచెం బెటర్" అని రాస్తారన్నారు చూడండి, చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా తమ్ముడికి ఈ జబ్బు పదకొండేళ్ళుగా ఉంది. రెండుసార్లు తిరగబెట్టింది. రెండుసార్లూ మూడు నాలుగు వారాల ముందే నాకు ఫోన్లో తెలిసిపోయింది. జవాబులు పొట్టిగా అయిపోతాయి. తర్వాత "దాని గురించే అక్కా", "వాళ్ళు అన్నట్టే అయింది" అంటాడు. ఏది? ఎవరు? అడిగితే చిరాకు. అంతకు ముందు చెప్పి ఉంటేనే కదా నాకు తెలిసేది.

అదే ముక్క వెళ్ళి చెప్తే, చూపించే చోట "మందులు వేసుకుంటున్నాడా, నిద్రపోతున్నాడా" అని అడిగి పంపేశారు. నా దగ్గర రుజువు ఏముంది, నా చెవి తప్ప. అందుకే కొత్తపీజీ గారూ, మీ యాప్ జబ్బు ఉందో లేదో చెప్పనక్కర్లేదు. ఉందని మాకు తెలుసు. పోయిన నెల మాటకీ ఈ నెల మాటకీ తేడా వచ్చిందని చెప్తే చాలు.

నిదానం (#7)

అమ్మా, మీ చెవి పట్టుకున్నది చాలా సూక్ష్మమైన సంగతి. "వాడు", "అది" అన్నప్పుడు ఎవరు, ఏది అన్నది వినేవాళ్ళకి అందకపోవడం ఈ జబ్బులో బాగా నమోదైన లక్షణం. ఎదుటివాళ్ళకి ఏం తెలుసో ఏం తెలియదో గుర్తుపెట్టుకుని మాట్లాడటం అనే పని దెబ్బతింటుంది. మీ మాట ఆ రోజు వినిపించుకోవలసింది.

మనిషిని అదే మనిషితో పోల్చడమే సరైన దారి అని నా అభిప్రాయం కూడా.

జల్లెడ (#8)

పొంతన లేని మాటలు పట్టే యాప్ అంటున్నారు. దీన్ని ముందు టీవీ చర్చల మీద వదలండి బాబూ, సర్వర్ పేలిపోతుంది 😄

నిర్వాహకులు (#9)

జల్లెడ గారూ, ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఈసారికి ఉంచుతున్నాం.

సంధిసమాసం (#10)

జల్లెడ గారి జోకులో తెలియకుండానే ఒక పాయింటు ఉంది, యంత్రానికి టీవీ చర్చ కన్నా మన మామూలు తెలుగే ఎక్కువ చెదిరినట్టు కనిపించవచ్చు. నేను భాషాశాస్త్రం చదివాను, వైద్యం గురించి మాట్లాడను. ఇంగ్లీషు కొలతల్ని తెలుగు మీద పెడితే ఏమవుతుందో చూడండి.

2015 పేపర్లో పనికొచ్చిన మూడు కొలతల్లో ఒకటి ఇంగ్లీషులో ఉపవాక్యాన్ని కలిపే "దట్", "విచ్", "వాట్" లాంటి మాటల వాడకం. అవి తగ్గితే వాక్యం చిక్కదనం తగ్గినట్టు లెక్క. మనం అలాంటి మాటలు వాడేది చాలా తక్కువ. "నేను నిన్న చదివిన పుస్తకం" అంటాం. ఆ పని అంతా "చదివిన" అన్న మాట చివర్లో జరిగిపోతుంది. ఆ కొలత తెలుగులో దాదాపు సున్నానే.

రెండో కొలత, మాటల లెక్కన వాక్యం పొడవు. "వెళ్ళిపోవలసివచ్చింది" మనకి ఒక మాట, ఇంగ్లీషులో నాలుగయిదు. సరే, మన వాక్యాలు పొట్టివనుకుందామా? "లేచి, మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని, తాళం వేసి, బస్సెక్కి" అని క్రియ చివరిదాకా రాకుండా ఎంతసేపయినా లాగుతాం. అసలు వాక్యం ఎక్కడ ముగిసిందో తేల్చడమే ఒక పరిశోధన.

తమ్ముడికిఅక్క గారు చెప్పినదాని సంగతి ఇంకా కష్టం. మనం సర్వనామాన్నే వదిలేస్తాం. "వచ్చాడు, చూశాడు, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు." ఎవరన్నది క్రియ తోకలో ఉంది. ఇంగ్లీషు పద్ధతిలో సర్వనామాలు లెక్కపెడితే ఇందులో ఒక్కటీ దొరకదు.

ఇక సామెతలు! ఆఫీసు గొడవ చెప్తూ మధ్యలో "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటే వెక్టర్ గారి బాణం ఎటు తిరుగుతుంది? బురద, కాలు, నీళ్ళు. ఆఫీసు నుంచి అమాంతం దూకేసినట్టే. వినే మనిషికి మాత్రం అదే ఆ కథ మొత్తానికీ ముడి వేసిన వాక్యం.

కొత్త మాటలు పుట్టించడం కూడా ఆండ్రియాసెన్ జాబితాలో ఉందిగా. "పెళ్ళీ గిళ్ళీ", "పుస్తకం గిస్తకం" అనే మనం అందరం అందులో ఇరుక్కుంటాం. నిఘంటువులో లేని మాటల్ని లెక్కపెట్టే ప్రోగ్రామ్‌కి గిస్తకం కూడా పిచ్చిమాటే.

వెక్టర్ (#11)

గిస్తకం సూపర్. దానికి నేనొకటి కలుపుతాను. మాటల్ని గ్రాఫుగా గీసే పద్ధతి ఒకటుంది, బ్రెజిల్‌లో నతాలియా మోటా, సిదార్త రిబేరో బృందం 2012లో ప్రచురించింది. ప్రతి మాటా ఒక చుక్క. ఒక మాట తర్వాత ఇంకో మాట వస్తే మధ్యలో గీత. అన్న మాట మళ్ళీ వస్తే దారి తిరిగొచ్చి అదే చుక్కని తాకుతుంది. మామూలుగా కథ చెప్పేవాళ్ళ గ్రాఫు అల్లుకుపోయి ఉంటుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళది తీగలా సాగి, అల్లిక తక్కువగా ఉంటుంది. మేనియా వాళ్ళది మళ్ళీ వేరే ఆకారం. 2014లో ఇంకో విశేషం చూపించారు. రాత్రి వచ్చిన కల చెప్పమంటే ఈ తేడా బాగా కనబడింది, పగలు జరిగింది చెప్పమంటే అంతగా కనబడలేదు.

దీనికి అర్థాలతో పనిలేదు కాబట్టి ఏ భాషకైనా నడుస్తుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. సంధిసమాసం గారి పోస్టు చదివాక అనుమానం వచ్చింది. "ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి" అంటే ఇంగ్లీషులో "హౌస్" ఒక చుక్క, నాలుగుసార్లు తిరిగొస్తుంది. తెలుగులో నాలుగు వేర్వేరు చుక్కలు, ఒక్క ముడీ పడదు. అంటే శుభ్రంగా మాట్లాడే తెలుగువాడి గ్రాఫు కూడా తీగలా సాగుతుంది! ముందు మాటల్ని విడగొట్టి, మూలరూపం తీసి, అప్పుడు గీయాలి.

సంధిసమాసం (#12)

అవును. విభక్తులు విడగొట్టకుండా తెలుగు గ్రాఫు గీయడం అంటే ముళ్ళు విప్పేసి వల ఎందుకు లేదని అడగడమే.

ఇంకా_ఇక్కడే (#13)

ఇన్ని పోస్టులు చదివి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాకు స్కిజోఫ్రీనియా ఉంది. ఉద్యోగం చేస్తున్నాను.

మొదటిది. నా జబ్బు బాగా ముదిరినప్పుడు నాకున్న నమ్మకం ఏమిటో తెలుసా? ఫోన్ నా మాటలు వింటోంది, విని ఎవరికో పంపుతోంది అని. అది భ్రమ అని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు మీరంతా కలిసి మంచి మనసుతో తయారుచేస్తున్నది సరిగ్గా అదే. నేను వద్దనడం లేదు. కానీ ఆ మాట నాలాంటివాడికి ఎలా చెప్తారో ముందు ఆలోచించుకోండి.

రెండోది. మందు డోసు పెంచిన తర్వాత నా మాట నెమ్మదించింది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తుంది. ఆలోచన బాగానే ఉంది, నోరే బరువు. మీ ప్రోగ్రామ్ ఆ ఖాళీని జబ్బు అంటుందా, మందు అంటుందా?

మూడోది చిన్నది. రికార్డు చేస్తున్నారంటే నేను మామూలుగా మాట్లాడను. ఎవరూ మాట్లాడరు.

నిదానం (#14)

రాసినందుకు సంతోషం. మీ రెండో ప్రశ్నే ఈ రంగంలో అందరూ తప్పించుకు తిరిగే ప్రశ్న. నెదర్లాండ్స్ పరిశోధకులు 2020లో దీన్ని చూశారు. డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే డీ2 గ్రాహకాలని గట్టిగా పట్టి ఉంచే మందులు వాడేవాళ్ళలో మాట మరింత నెమ్మదిగా, వాక్యాలు పొట్టిగా ఉన్నాయి. స్వరం మీద జరిగిన అధ్యయనాల్ని 2020లో గుదిగుచ్చి చూసినప్పుడు కూడా గొంతు ఎత్తుపల్లాల్లో తేడా బలహీనంగానే తేలింది. ఖాళీలు, మాట్లాడిన సేపు, వేగం, వీటిలోనే తేడా స్పష్టంగా ఉంది. మందు తగిలే చోటూ అదే చూడండి. కాబట్టి ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు మార్చారు అన్నది పక్కన రాసుకోకుండా ఖాళీలు కొలిస్తే మీ ప్రశ్నకి జవాబు ఉండదు.

మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తున్నాను.

కొత్తపీజీ (#15)

నాకు కొంచెం సిగ్గుగా ఉంది. "అయిదు నిమిషాలు మాట్లాడితే చెప్పేస్తుంది" అని ఎంత తేలిగ్గా రాశాను.

ఒక డౌట్. ఇప్పుడు పెద్ద పెద్ద చాట్ మోడళ్ళు ఉన్నాయి కదా. రికార్డింగుని ఆటోమేటిగ్గా టైపు చేయించి, ఆ మోడల్‌కి ఇచ్చి "ఇందులో పొంతన ఉందా" అని అడిగేస్తే ఈ విభక్తుల గొడవ తప్పదా?

వెక్టర్ (#16)

రెండు గోతులు ఉన్నాయి.

మాటని టైపు చేసే ప్రోగ్రామ్ సరిగ్గా వినబడని చోట "ఇక్కడ ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువ" అని ఊహించి నింపుతుంది. మనం వెతుకుతున్నదేమో రావలసిన చోట రాని మాట. అంటే జబ్బు గుర్తుని టైపు చేసేటప్పుడే తుడిచేసి, తర్వాత భూతద్దం పెట్టి వెతుకుతాం. ఇది ఏ భాషకైనా ఉన్న తంటానే.

చాట్ మోడల్ అంతకన్నా మంచి మనసున్నది. డాక్టరు గారి పట్టుపురుగు ముక్కని నేను ఒకదానికి ఇచ్చి చూశాను, అందులో ఆర్థిక ఇబ్బందుల మీద ధ్వని ఉందని వ్యాఖ్యానం రాసింది. నవ్వొచ్చింది.

బాణాల పద్ధతికీ ఒక గోతి ఉంది. చెప్పిన మాటే చెప్తూ ఉంటే పొంతన నూటికి నూరు వస్తుంది! 2018లో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు ఇదే ఎత్తిచూపారు. ఒకే మాట పట్టుకుని తిరగడం కూడా జబ్బు లక్షణమే, యంత్రానికి మాత్రం ఆ మనిషి భలే పొంతనగా కనిపిస్తాడు. "అంటే", "అదే", "మరి" లాంటి ఊతపదాలు కూడా లెక్కని పాడుచేస్తాయి. ఈమధ్య కొన్ని అధ్యయనాల్లో అయితే స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళ మాటల మధ్య సామ్యం తగ్గడం కాదు, పెరిగినట్టు వచ్చింది. ఏ ప్రశ్న అడిగారు, బొమ్మ చూపించి చెప్పమన్నారా, ఏ మోడల్ వాడారు అన్నదాన్ని బట్టి ఫలితమే తిరగబడుతోంది.

తమ్ముడికిఅక్క (#17)

మీ మాటలు సగం అర్థమవుతున్నాయి, సగం లేదు. కానీ ఒకటి అడుగుతాను. మోడల్ 90 శాతం కరెక్ట్ అని ఎవరైనా అంటే ఊళ్ళో అందరినీ పరీక్షించేయవచ్చు కదా, ముందే పట్టేస్తే మంచిదేగా? మా తమ్ముడిని మొదటిసారి చూపించేసరికే రెండేళ్ళు గడిచిపోయాయి.

వెక్టర్ (#18)

అక్కా, అక్కడే అందరూ పడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ జబ్బు సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. 30,000 మందిని పరీక్షించారనుకోండి. 100 మందికి జబ్బు ఉంటుంది. 90 శాతం కరెక్ట్ అయితే అందులో 90 మందిని పట్టుకుంటుంది, బాగుంది. మిగతా 29,900 మందిలో పదో వంతు, 2,990 మందిని అనవసరంగా పట్టుకుంటుంది. "ఉంది" అని చెప్పిన 3,080 మందిలో నిజంగా ఉన్నది 90 మందికి. నూటికి ముగ్గురు. మిగతా తొంభై ఏడుగురికి ఆ చీటీ ఇంట్లో, ఉద్యోగంలో, పెళ్ళి మాటల్లో ఏం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

జబ్బు ఉందని తెలిసిన ఒక్క మనిషిని నెలనెలా చూడటంలో ఈ చిక్కు ఇంతగా ఉండదు. మీరు మొదట అడిగినదే సరైన ప్రశ్న.

ఇంకా_ఇక్కడే (#19)

వెక్టర్ గారి 2,990 చూశాక చెప్పాలనిపించింది. చీటీ సరైన మనిషికి అంటినా బరువు బరువే.

కొత్తపీజీ (#20)

గైడ్‌తో మాట్లాడాను. యాప్ లేదు. కొత్త ప్లాను: జబ్బు సంగతి పూర్తిగా పక్కనపెట్టి, ఏ జబ్బూ లేని తెలుగువాళ్ళు ఒక బొమ్మ చూసి కథ చెప్తే, నిన్న వచ్చిన కల చెప్తే, పొంతన కొలతలూ గ్రాఫులూ ఎలా వస్తాయో చూడటం. విభక్తులు విడగొట్టక ముందు, విడగొట్టిన తర్వాత. సామెత వచ్చిన చోట బాణం ఎంత తిరుగుతుందో కూడా. టైపింగు మనుషుల చేతే. మామూలు తెలుగు ఎలా ఉంటుందో తెలియకుండా చెదిరిన తెలుగుని కొలవబోయాను.

"గైడ్ ఒప్పుకుంటారా" అని టెన్షన్ పడ్డాను గానీ ఆయన "చిన్నదయింది, ఇప్పుడు అవుతుంది" అన్నారు. సంధిసమాసం గారూ, గిస్తకం లాంటి జంటమాటలకి సూత్రం ఏమైనా ఉందా?

సంధిసమాసం (#21)

ఉంది. రెండో మాటలో మొదటి అక్షరాన్ని "గి" చేస్తాం, దీర్ఘం ఉంటే "గీ". పులి గిలి, కారు గీరు. కోడు రాయడం తేలికే. కానీ "గిన్నె" అనే అసలు మాటని జంటమాట అనుకోకుండా చూసుకోండి, ముందున్న మాటతో పోల్చి తేల్చాలి. కథలు చెప్పడానికి మనుషులు కావాలంటే నన్నూ రాసుకోండి, కలలు బాగా వస్తాయి.

తమ్ముడికిఅక్క (#22)

మా తమ్ముడిని అడిగాను, నెలకోసారి నీ మాట రికార్డు చేసి డాక్టరుకి వినిపిస్తే ఒప్పుకుంటావా అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "ముందు నేను వింటాను. బాగుంటే పంపుదాం, లేకపోతే నేనే వెళ్తాను" అని.

ఇంకా_ఇక్కడే (#23)

నా మొదటి ప్రశ్నకి ఇంతవరకు వచ్చిన జవాబుల్లో ఇదొక్కటే నచ్చింది. నా తరఫున ఆయనకి నమస్కారం చెప్పండి.